పిడికెడు చేపలు

కుటుంబ పొదుపు అంశంగా ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసైన వకుళ, మిఠాయి పొట్లంతో పులికాటు ఒడ్డుకు వచ్చింది. కిందటేడు చదువులో భాగంగా ఈ జాలరిపల్లెలోనే ఇంటింటికీ తిరిగింది.

అప్పుడు పరిచయమైన కామమ్మ ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. మొగుడు వారంగా జ్వరంతో మంచాన పడ్డాడు.

“వేటకు పోలేని ఇంటికి అందరూ తలా పిడికెడు చేపలిచ్చేవాళ్లు కదా?” అడిగింది వకుళ.

“ఇప్పుడెవురూ ఇయ్యడంలేదమ్మా.”

“ఇంత రాతిగుండెలా వీళ్లవి!”

“అట్ట అనబాకమ్మా. పంచేదాన్ని అమ్మి, ఆ డబ్బు దాచుకోమని నువ్వే గదా చెప్పినావు. అందరికన్నా ముందు మానుకునింది నేనే.”

కామమ్మ చాప పరిచి, ఆప్యాయంగా అడిగింది:

“పరీక్ష పాసైనావామ్మా?”

వకుళ చేతిలోని మిఠాయి పొట్లాన్ని వెనక్కి దాచుకుంది.