దొరకని వరుస

పొద్దున్నే తలుపు తీసిన హెలెన్‌కు గుమ్మం పక్క గోడ మీద ఎర్ర రంగుతో ఒకటి అంకె కనిపించింది.

పక్కింటి మీద సున్నా. ఆ పక్క రెండు. బుడమేరు వాగు కట్ట దాకా ప్రతి ఇంటికీ ఒక అంకె.

"ఏమండీ, మొన్న మంచినీళ్ళడిగిన ముసలాయన పనేనండీ ఇది. లోపలికి తొంగి అత్తయ్య మంచం చూశాడు."

ఆమె మొగుణ్ణి బయటికి పిలిచి చూపించింది. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు శౌరమ్మ ఒక్కతే. కాళ్ళు పడిపోయిన మనిషి.

జయపాల్ కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఫోన్ తీశాడు.

"అంకెల వరుసలన్నీ పోగేసిన సైట్ ఉంది. వరుస కొడితే అదేమిటో చెప్పేస్తుంది."

ఇరుగుపొరుగు అంకెలు చదివారు. అతను కొట్టాడు. ఒకటి, సున్నా, రెండు, సున్నా, సున్నా, ఒకటి...

ఏ వరుసా దొరకలేదు.

కట్ట వైపు నుంచి తిరగేసి కొట్టాడు. దొరకలేదు.

"మాది సున్నానా? దోచుకోడానికేం లేదనా వాడి ఉద్దేశం?" అంది పక్కింటి శివపార్వతి.



"ఇవి ఎవరికోసమో పెట్టిన గుర్తులు," అన్నాడు జయపాల్.

"లెక్కల సారుకే అంతుచిక్కలేదంటే పెద్ద దొంగల ముఠాయే!" అన్నారెవరో.

కిరోసిన్ గుడ్డలతో వీధంతా తుడిచేశారు.

మధ్యాహ్నం ముసలాయన రంగు డబ్బాతో దొరికాడు.

"తుడవొద్దయ్యా. వానలు ముదురుతున్నాయి..."

"బెదిరిస్తున్నావా?"

మొదటి దెబ్బ జయపాల్‌దే. నోట్లో రక్తంతోనే ఆటో ఎక్కించి పంపేశారు.

ఆదివారం మొగుడూ పెళ్ళాం గుణదల చర్చిలో పూజకు వెళ్ళారు. ముఠా భయంతో హెలెన్ బయట తాళం వేసింది.

తిరిగొచ్చేసరికి వీధిలోకి బుడమేరు వచ్చేసింది. పీకలోతు. పోలీసులు వాళ్ళని వంతెన దగ్గరే ఆపేశారు. సాయంత్రానికి గానీ పడవ దొరకలేదు.

ఇంట్లో మంచం తేలుతోంది. శౌరమ్మ దాని కింద ఉంది.

"పొద్దుట్నుంచీ ఈ వీధిలోనే తిరిగారుగా! మా అమ్మ కోసం ఎందుకు రాలేదురా?"

జయపాల్ పడవ నడిపే తిరుపతిరావు చొక్కా పట్టుకున్నాడు. అతను మెల్లగా విడిపించుకున్నాడు.

"తాళమేసుంటే ఖాళీ ఇల్లనుకున్నాం సార్. మంచం దిగలేనోళ్ళు ఏ ఇంట్లో ఎంతమందో గోడల మీద రాసి పెడతానన్నాడు మా బసవయ్య. చూస్తే ఒక్క గోడ మీదా ఏమీ లేదు."

జయపాల్ తుడిచేసిన గోడ వైపు తిరిగాడు.

"బసవయ్య ఎవరు?"

"పోయిన వరదలో అందర్నీ పడవెక్కించి, లేవలేని పెళ్ళాం దగ్గరికి ఆఖర్న వెళ్ళినోడు సార్."