అరవై రోజుల నోటీసు

"పేరు చెప్పేదాంక నువ్వు గీ హాలు దాటవు సార్."

ఊరి పెద్దలు పెట్టుకున్న గ్రామాభివృద్ధి కమిటీకి చైర్మన్ లింబాద్రి తలుపుకు గడియ పెట్టాడు. లోపల వంద మంది రైతులు. పసుపు ఉడకబెట్టే పని సగంలో వదిలేసి వచ్చారు. వాళ్ల మధ్య ప్లానింగ్ అధికారి రంజిత్ ఒక్కడు. ఆర్మూరుకు బదిలీ అయి వచ్చి పది రోజులే.

పొద్దున అతను మ్యాపు తెచ్చి గోడకు అంటించేదాకా ఊరికి సంగతే తెలియదు. పసుపు చేలు దాదాపు అన్నీ ఊదా రంగులో ఉన్నాయి. ఊదా అంటే ఫ్యాక్టరీల జోన్. వద్దనడానికి చట్టం ఇచ్చిన అరవై రోజుల గడువు నిన్నటితో అయిపోయింది. ఎవరి సర్వే నంబరుకు వాళ్లే సంతకం పెట్టి అభ్యంతరం ఇవ్వాలి. ఈ ఊరి నుంచి వచ్చింది ఒకే ఒక్క కాగితం.

"నోటీసు ఎవలు దాచిండ్రు సార్?" లచ్చన్న అనే రైతు మీదిమీదికి వచ్చాడు. "నా నాలుగెకరాలు పోయినయి. నాకు పేరు గావాలె."

రంజిత్ రిజిస్టరు తెరిచాడు. "మీ సర్పంచ్‌కే ఇచ్చాం. ఇదిగో సంతకం. సత్తవ్వ."

హాలు భగ్గుమంది.

"మ్యాపు సూడున్రి. గామె మూడెకరాలే పచ్చగున్నయి," ఎవరో అరిచారు.

నిజమే. పచ్చ అంటే సాగు భూమి. అభ్యంతరం పెట్టిన ఆ ఒక్క కాగితం ఆమెదే. రంజిత్‌కూ ఒళ్లు మండింది.

"ఫోన్ చెయ్యి సార్. నువ్వే పిలువు," అన్నాడు లింబాద్రి.

సత్తవ్వ వచ్చింది. జనం రెండు పాయలుగా విడిపోయి దూరం జరిగారు. ఎవరూ కుర్చీ వేయలేదు.

"నోటీసు అందిందా లేదా, అడుగు సార్." లింబాద్రి ఆమె వైపు చూడను కూడా లేదు.

రంజిత్ అడిగాడు.

"అందింది సార్."

"ఊరికి ఎందుకు చెప్పలేదో అడుగు."

రంజిత్ అదీ అడిగాడు.

"ఇల్లిల్లు తిరిగిన సార్. పంచాయతీ గోడకు గూడ అంటిచ్చిన."

"గోడకు చెప్పిందంట," వెనక నుంచి నీలవ్వ అనే రైతు ఎత్తిపొడిచింది. "ఇగ గోడనే సంతకం పెట్టాలె."

కొందరు నవ్వారు. రంజిత్‌కు ఓపిక నశించింది.

"అబద్ధాలాడకమ్మా. నాలుగు వందల ఇళ్లున్నాయి. నువ్వు పోతే ఒక్కరికీ తెలియకుండా ఎలా ఉంటుంది?"

సత్తవ్వ నీలవ్వ వైపు చూసింది. నీలవ్వ కొంగు సర్దుకుంది.

"నన్ను సూడంగనే తలుపులు ఏసుకున్నరు సార్. పిలిస్తే టీవీల సప్పుడు పెంచిండ్రు."

"ఎందుకు?"

లచ్చన్న తల దించుకున్నాడు.

"ఇగ సాలు సార్," లింబాద్రి గోడ మీది మ్యాపు పీకబోయాడు. "గామె మాటలు మాకెందుకు?"

"నేను అడిగింది ఆమెను. చెప్పమ్మా, ఎవరు తీయొద్దన్నారు తలుపులు?"

సత్తవ్వ మొదటిసారి చెయ్యెత్తి చూపించింది.

"కమిటీ నిలబెట్టినోన్ని ఓడిచ్చి నేను సర్పంచ్ అయిన నాడే, సత్తవ్వతోని మాట్లాడిన ఇల్లు గూడ ఊరికి వెలి అని డప్పు కొట్టిచ్చిండు సార్, గీ లింబాద్రి."