మామగారిచ్చిన ప్లేయర్

పాత బ్లూరే ప్లేయర్ ఇచ్చేసి కొత్తది తీసుకుందామని మా ఆవిడా నేనూ షాపుకెళ్లాం. పాతది మామగారు ముచ్చటపడి కొనిచ్చింది; ఈమధ్యే ఆడడం మానేసింది. మార్చే ముందు మెకానిక్ దాని మూత విప్పుతున్నాడు.

“నాన్న అడిగితే, తడిబట్టతో తుడిచి నేనే పాడుచేశానని చెప్తాలెండి,” అంది మా ఆవిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. కొత్తదాని మీద మోజుకొద్దీ, మొన్న ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు లోపలి వైరు పీకింది నేనే. పాపం, నా తప్పు తన నెత్తిన వేసుకుంటోంది! నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

ఈలోగా మెకానిక్ తలెత్తాడు.

“పాడవడమేంటండీ? ఎవరో రెండు వైర్లు పీకేశారంతే. తగిలిస్తే బ్రహ్మాండంగా ఆడుతుంది.”

రెండా? నేను పీకింది ఒక్కటే.

మా ఆవిడ వైపు చూశాను. కొత్త ప్లేయర్ అట్టపెట్టె మీది అక్షరాలు మహా శ్రద్ధగా చదువుతోంది.