చెంచయ్య మోసుకుపోయిన కబురు

“ఎవుర్నీ? చెంచయ్యనా పంపేది?”

జువ్వలదిన్నె రేవులో ఉన్నవాళ్లంతా ఒక్కసారే నోళ్లు తెరిచారు. ఊరి పెద్ద అయిన పెదకాపు ముత్యాలయ్య ఎవరి ముఖమూ చూడలేదు. సముద్రం వైపే చూస్తూ, “వాడే పోతాడు” అన్నాడు.

“వాడు చెప్పేలోపల కామమ్మ కడుపులో బిడ్డకి పెళ్లీడొస్తాది మామా!”

నవ్వబోయినవాళ్లు కూడా మధ్యలోనే ఆపేశారు. నవ్వే పొద్దు కాదది.

అరవై రెండు ఎలక్షన్లకి ముందు సంగతి. గాలి తిరిగిన రోజు వేటకు పోయిన తెప్పలన్నీ ఒడ్డు చేరాయి, రమణయ్య తెప్ప తప్ప. ఇది నాలుగో రోజు. పెళ్లాం కామమ్మ ఏడో నెల కడుపుతో ఇసకపల్లిలో పుట్టింట ఉంది. ఈ పొద్దు గూకేలోగా ఆమెకు కబురు చెప్పాలి. ఎదురుగా నిలబడి, నోటితోనే చెప్పాలి. అది కట్టుబాటు. చెప్పగానే గాజులు తీసేస్తారు. తీశాక మొగుడు తిరిగొచ్చినా ఆ ఇంటికి చచ్చినవాడి కిందే లెక్క. వెనక హజరత్తయ్య అట్లాగే ఆరో రోజున తిరిగొచ్చాడు. పెళ్లాం పొయ్యి పొగ చూసుకుంటూ పక్క గుడిసెలో పదేళ్లు ఒంటరిగా బతికి కన్నుమూశాడు.

అటువంటి కబురు మోయడానికి నత్తి చెంచయ్య!

చెంచయ్యకి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా వాడు ఒక మాట మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేసేవాళ్లు. ఈ ఒక్క మాటా తానే పూర్తి చేస్తాననుకున్నాడు. చెప్పాల్సిన మాట గుర్తుకొచ్చేసరికి మాత్రం అడుగు నెమ్మదించింది.

ఊరి చివర బడి దగ్గర ఆగాడు. దావీదు పంతులుకి సంగతి చెప్పేసరికి చెమటలు పోశాయి.

“ఒకటి చెప్పు చెంచయ్యా,” అన్నాడు పంతులు. “వల లాగేటప్పుడు పాట అందుకునేది నువ్వే గదా? అప్పుడు నీ నత్తి యాడికి పోతాంది?”

చెంచయ్య వల తాడు పట్టినట్టు రెండు పిడికిళ్లూ బిగించి చూసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ ఆలోచనే రాలేదు.

“మాటని తొయ్యబాకు. వల లాగినట్టు నిదానంగా లాగు. అడుగు వేస్తా, ఊపిరి వదలతా చెప్పుకో.”

తడి ఇసుక మీద నడక మొదలైంది. అడుగుకో ముక్క. “ర-ర-రమణయ్య... తె-తె-తెప్ప... రా-రా...” అల వచ్చి కాళ్లు తడుపుతోంది. మళ్లీ మొదటినుంచి. ఎండ నెత్తికెక్కింది. మళ్లీ మొదటినుంచి.

తాటితోపు దగ్గర గవ్వలు ఏరుకుంటున్న, వాడిని ఎరిగిన పేరమ్మ తలెత్తి, “ఎవురయ్యా నీతో గడగడా మాట్లాడతా వచ్చినోడు? గొంతు ఇనపడింది, మనిషి కనపళ్లా” అంది.

చెంచయ్య ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఇసుకలో తన అడుగులు తప్ప ఏమీ లేవు. తువ్వాలుతో మొహం తుడుచుకుని గబగబా నడిచాడు.

ఇసకపల్లి చేరేసరికి పొద్దు వాలింది. కామమ్మ వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. రెండు చేతులకీ మోచేతుల దాకా పచ్చగాజులు. పోయిన వారమే సీమంతం చేశారు.

“చెంచయ్యన్నా! ఏంది ఇంత దూరం? ఆయన పంపినాడా?”

చెంచయ్య నోరు తెరిచాడు. ఆమె చేతులు చూశాడు. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు.

“రె-రె-రె...”

“రేవులోనా? ఏం జరిగింది రేవులో?”

“రొ-రొ...”

“రొయ్యలు పడినాయా?”

అవునని కాదు, కాదని కాదు, తల ఎటో ఊపాడు. నీళ్లడిగి చెంబెడు తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. ఇంతలో తల్లి రాఘవమ్మ బయటికొచ్చింది. వాడి ముఖం చూడగానే ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. ఆమెకు అర్థమైపోయింది. అయినా వాడి నోట వినందే కూతురి గాజుల మీద చెయ్యి వెయ్యకూడదు.

“చెప్పయ్యా!” అని భుజాలు పట్టి కుదిపింది. “పొద్దు గూకతాంది! రాసుకొనన్నా చదువు!”

“రా-రా-రాదు.”

మెడనరాలు ఉబ్బాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చుట్టుపక్కల వాళ్లు మూగారు. ఒకామె జాలిపడింది, ఒకాయన ఈసడించుకున్నాడు. “పంపినోళ్లకి బుద్ధుండొద్దా?”

కామమ్మ ఒక్కతే పీట జరిపి వాడి ఎదురుగా కూర్చుంది. 

“ఊపిరి పీల్చుకో అన్నా. నిదానంగానే చెప్పు. నేను ఇంటా.”

దాంతో వాడు పళ్లు గట్టిగా కరిచాడు. “ర” కూడా రాలేదు. కాలువ అవతల పొద్దు సగం దిగిపోయింది.

అప్పుడు వినబడింది ఎడ్లబండి చప్పుడు. బండి ఆగకముందే పెదకాపు దూకాడు. వెనకే, ఉప్పు నీళ్లకి పెదాలు పగిలిపోయిన రమణయ్య! గాలికి దుగరాజపట్నం దాకా కొట్టుకుపోయి, కాలువ పడవ పట్టుకుని మధ్యాహ్నానికి ఊరు చేరాడట.

పెదకాపు చూపు ముందు కామమ్మ చేతుల మీదికి పోయింది. ఆమె లేచి మొగుడి దగ్గరికి నడిచింది. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు విని పెదకాపు ఉన్నచోటే చతికిలబడ్డాడు.

తర్వాత లేచి వచ్చి చెంచయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను తిట్టుకోబాకురా అబ్బయ్యా. కట్టుబాటు తప్పలేను, ఆ బిడ్డ గాజులు తీయించలేను. ఆ మాట నీ నోట రాదనే నిన్ను పంపినా.”

“తాటితోపు కాడే వచ్చింది మామా,” అన్నాడు చెంచయ్య, ఎక్కడా తడబడకుండా.