నొక్కి పలకవలసిన చోటు

"లూ" దగ్గర పిడిగుద్దు పడింది. ఎథెల్‌బర్ట్ కోకర్ పన్ను ఒకటి రేడియో స్టూడియో బల్ల మీద రాలింది.

"ఎనిమిది ముక్కలు, ముసలోడా! కౌం-టర్-రె-వ-లూ-ష-న-రీ. అయిదోది నొక్కాలి. నువ్వు మొదటిది నొక్కి చస్తున్నావ్. మళ్ళీ చెప్పు!" అన్నాడు కెప్టెన్ మన్సరే.

విప్లవానికి అడ్డం వచ్చినవాడని ఆ మాటకు అర్థం. ప్రభుత్వాన్ని కూలదోశామంటూ కెప్టెన్ రాసుకొచ్చిన ప్రకటనలో అది పదకొండు చోట్ల ఉంది. ఆ పేరు పడ్డవాణ్ణి నిలబెట్టి కాల్చేస్తారట. ఇంగ్లండులో ఏడాది తర్ఫీదు పొంది వచ్చిన ఈ మహానుభావుడికి యుద్ధం కంటే ఉచ్చారణ మీదే మోజు.

కోకర్ ఇరవై రెండేళ్ళుగా మా రేడియోలో వార్తలు చదువుతున్నాడు. ఒక్క అక్షరం తడబడిన రోజు లేదు. తుఫాను అని అతను అంటే చాలు, జాలర్లు ఆకాశం వంక చూడకుండానే పడవలు కట్టేసేవారు. అలాంటి మనిషికి ఇవాళ నాలుక మడతపడింది.

"కౌంటర్..." అన్నాడు కోకర్. ఈసారి పిస్తోలు పిడి చెవి మీద పడింది.

"రెండింటికి నీ గొంతు దేశమంతా వినాలి. నువ్వు చెబితేనే బరాకుల్లో సిపాయిలు నమ్ముతారు. తప్పు చదివావో, చచ్చావే!"

"మీ పేరు కూడా తప్పు పలుకుతానేమో బాబూ. ఒకసారి పూర్తిగా చెప్పండి."

"కెప్టెన్ బోకారీ సాన్సీ మన్సరే!"

"ప్రెసిడెంటు గారు ఎక్కడున్నారని చదవమంటారు?"

"అది చదవక్కర్లేదు. రేవులో ఎండుచేపల గోదాములో కట్టి పడేశాం. సాయంత్రందాకా ఉండడులే."

"పెద్ద సైన్యమే దిగి ఉంటుంది."

మన్సరే పకపకా నవ్వాడు. "నలభై మందిమి. నీ గొంతు తోడైతే నలభై వేలు!"

ఇంకో అరగంట అలాగే సాగింది. తప్పిన ప్రతిసారీ ఒక దెబ్బ. అయినా కోకర్ తప్పు చదువుతూనే ఉన్నాడు.

బయట లారీల చప్పుడు వినిపించింది. "మావాళ్ళే," అన్నాడు కెప్టెన్, పిస్తోలు నుదుటికి ఆనిస్తూ. "ఇదే ఆఖరు. చెప్పు!"

కోకర్ గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఎనిమిది ముక్కలూ పలికాడు, అయిదోది నొక్కి, ఎక్కడా వంక లేకుండా.

"శభాష్! ఇక మైకు ఆన్ చెయ్."

కోకర్ నోట్లోని నెత్తురు ఉమ్మేశాడు.

"నువ్వు తలుపు తన్నినప్పటి నుంచీ అది ఆన్‌లోనే ఉంది, నాయనా."