ఒక్క కేసు

మందుల గది తాళంచెవి ఇచ్చేయమని ఆఫీసరు చెయ్యి చాచిన రోజు, కొంగు ముడి విప్పడానికి మాత్రలమ్మకు చాలాసేపు పట్టింది.

"ఇవాళ్టితో అయిపోయినట్టేనా సార్?"

"బోదకాలు పోయిందమ్మా. సంతోషించాల్సింది పోయి ఆ మొహమేమిటి? ఎప్పట్నుంచో ఒక్క కొత్త కేసు లేదు. లేని పురుగుని వెతకడానికి జీపు, డీజిలు, జీతాలు. పైవాళ్ళు ఎన్నాళ్ళని భరిస్తారు?"

"ఒక్కటంటే ఒక్క కేసు దొరికితే?"

"దొరికితే మూయలేం. మళ్ళీ ఇంటింటికీ మాత్రలు, మళ్ళీ మీ కేకలు."

రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్ పకపకా నవ్వాడు. "'నోరు తెరువు, నాలుక ఎత్తు' అని అక్క గదమాయిస్తే పోలీసాయన కూడా గుటుక్కుమనిపించాడు సార్!"

మాత్రలమ్మ నవ్వలేదు. ఆమె నాలుగు మాటలు మాట్లాడేది మాత్రలు పంచే ఇళ్ళ గుమ్మాల దగ్గరే. మాత్రలు పంచని నెలల్లో కూడా, కాళ్ళు వాచినవాళ్ళను చూసి రావాలన్న వంకతో వెళ్ళేది. భర్త పోయాక ఇంట్లో వినిపించే గొంతు రేడియోది ఒక్కటే. ఎవరో ఒకరికి జబ్బు బయటపడకూడదా అని పొద్దుటి నుంచి అనుకుంటోంది. అనుకున్న ప్రతిసారీ మనసులోనే లెంపలేసుకుంటోంది.

పెట్టెలన్నీ జీపుకెక్కాక టెక్నీషియన్ ఒక పరీక్ష పట్టీ ఊపుతూ వచ్చాడు. "ఇదొకటి మిగిలింది సార్. దీని గడువు ఇవాళ్టితో ఆఖరు."

"పారేస్తే ఆడిట్ వాళ్ళు నన్ను పీక్కుతింటారు. ఎవరికో ఒకరికి చేసెయ్."

"అక్కా, వేలివ్వు."

సూది గుచ్చి, రక్తం చుక్క పట్టీకి అంటించి, కిటికీ గట్టు మీద పెట్టాడు. ఒక గీత వస్తే లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. పది నిమిషాలు ఆగాలి. ఈలోగా గుమ్మం పైన బోర్డు ఊడదీశాడు.

తిరిగొచ్చి పట్టీ చూశాడు. వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు.

"సార్... రెండు గీతలు."

ఆఫీసరు మొహం మాడిపోయింది. "మన స్టాఫు సర్వేలోకి రారు," అన్నాడు. "ఈ రెండో గీత కోసం ఊరంతా మళ్ళీ మొదలుపెడదామంటే పైవాళ్ళు నన్ను నిలబెట్టి కడిగేస్తారు."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అయినా ఏంటమ్మా ఇది? ఊరందరి చేతా మింగించారు. మీరు వేసుకోలేదా?"

మాత్రలమ్మ వేలికున్న దూదిని ఇంకాస్త నొక్కిపట్టుకుంది.

"ఎదురుగా నిలబడి మింగించాలన్నారు కదా సార్. నా ఎదురుగా ఎవరూ నిలబడలేదు."

ఆఫీసరు ఒక పెట్టె విప్పించి, మాత్రలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "భోంచేసి వేసుకోండి. మర్చిపోకండి," అని జీపెక్కాడు. టెక్నీషియన్ వెనక సీట్లోంచి చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం ఆమె వండుకుంది. తిన్నది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

మాత్రలు ఇంకా వేసుకోలేదు.