నలభై రెండో కథ

నాన్న పోయాక ఆయన చెప్పిన కథలన్నీ ఆమె కంప్యూటర్‌లోనే మిగిలాయి. చిన్నప్పుడు టేపులో పట్టినవి, మొత్తం నలభై ఒకటి. ప్రతిదాంట్లోనూ ఆయన మాటిమాటికీ ఆగుతాడు, పక్కలో పడుకున్న తను ఊఁ కొడుతుంది.

ఆ రాత్రి ఆ కథల ఫోల్డరును కొత్త డిస్కులోకి మార్చి, పాటలు వినిపించే ప్రోగ్రాం చేత ఫైళ్ళన్నీ మళ్ళీ వెతికించింది. పాత చోట లేవంటూ అది జాబితాలోంచి నలభై ఒకటి తీసేసి, కొత్త చోట నలభై రెండు దొరికాయని చూపించింది. దీనికి లెక్కలు రావు కాబోలని నవ్వుకుంటూ, ఎక్కువొచ్చిన దాన్ని తెరిచింది.

ముందు వాన చప్పుడు. తరువాత నాన్న గొంతులో, ఎన్నడూ వినని కథ. నీళ్ళ అడుగున ఒక ఊరుందట, అక్కడి వీధుల్లో దీపాలు చేపల్లా తిరుగుతాయట. వింటూంటే ఆమె కళ్ళు మూతలు పడసాగాయి. ఒకచోట నాన్న ఆగాడు. ఎంతసేపటికీ ఊఁ వినబడలేదు.

"ఏమ్మా, ఊఁ కొట్టవేం? నిద్రపోయావా?"

ఇంట్లో ఒక్కతే ఉంది. తను నోరు తెరిచేలోగా, ఆమె కుర్చీ వెనక నుంచి ఒక చిన్నపిల్ల నిద్రమత్తుగా ఊఁ కొట్టింది.

"నా బంగారుతల్లి, మెలకువగానే ఉంది," అంటూ నాన్న కథ అందుకున్నాడు.